దూరాలు రాసే పని

కుక్కర్ మూడు కూతలు వేసేలోపు నేను నైరోబీ నుంచి టోక్యో వెళ్లిపోతాను. దూరం సుమారు పదకొండు వేల కిలోమీటర్లు, ఆగకుండా ఎగిరితే పద్నాలుగు గంటలు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి విమానంలో ఎంతసేపు పడుతుందో చెప్పే వెబ్‌సైట్ ఒకటుంది. ఇంట్లోంచే దానికి రోజూ ఇరవై పేజీలు రాయడం నా ఉద్యోగం. కరీంనగర్‌లో మా వంటింటి గట్టు మీదే లాప్‌టాప్. "దేశాలన్ని తిరిగొస్తది మా కోడలు, చాయ్ మాత్రం సల్లారినంక ఇస్తది" అని మా అత్తమ్మ కమలవ్వ వచ్చినవాళ్లందరినీ నవ్విస్తుంది. నేనూ నవ్వేదాన్ని. "కూసొని చేసే పనే గద, దానికేం అలసట" అంటాడు మా ఆయన కరుణాకర్, తిన్న పళ్లెం అక్కడే వదిలేసి లేస్తూ.

మా అక్క మమతారాణి ఆదిలాబాద్‌లో ఉంటుంది. బావ పోయాక ఒక్కతే. పోయిన మాఘంలో గర్భసంచిలో గడ్డకు ఆపరేషన్ అన్నప్పుడు, "నాలుగు రోజులు వచ్చి ఉంటవా చెల్లె?" అని అడిగింది. బస్సులో ఐదు గంటలు. అంతకుముందెప్పుడో ఆ ఊరి మాటెత్తితే, "పొద్దున పోయి మాపటికి వచ్చే ఊరా అది" అన్నాడు ఆయన. "నువ్వు పోతే నా బీపీ గోలీలు ఎవలిస్తరు" అంది అత్తమ్మ. ఆ రెండు మాటలే తలలో తిప్పుకున్నాను. బట్టలు ఆరేస్తూ, అంట్లు తోముతూ ఎన్నిసార్లు అడగబోయి ఊరుకున్నానో. చివరికి అక్కకు ఫోన్ చేసి, "ఆయన పంపుతలేడు అక్కా" అన్నాను. "మంచిదే తియ్, ఫికర్ చెయ్యకు" అంది అక్క. ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద నా బదులు అక్క పక్కింటి బుచ్చవ్వ వేలిముద్ర వేసింది.

నిన్న ఆ బుచ్చవ్వే ఫోన్ చేసింది. "మీ అక్కకు కడుపుల గడ్డ మళ్ల వచ్చిందట బిడ్డా. ఎల్లుండి ఆపరేషన్. నీకు చెప్పొద్దన్నది. ‘మా చెల్లెను పరేషాన్ చెయ్యకు, దాని మొగడు మంచోడు కాదు’ అన్నది."

సిగ్గేసింది. ఏడుపొచ్చింది. ఆయన వద్దనలేదు. అత్తమ్మ వద్దనలేదు. నేను అడగనే లేదు. వాళ్లిద్దరి బదులు నేనే కాదని చెప్పేసుకున్నాను. పన్నెండేళ్లుగా వాళ్లు నాకు నేర్పిన పని అది, జీతం లేకుండా చక్కగా చేశాను.

ఇవాళ పొద్దున సంచి సర్దుతుంటే, "ఏడికి? అడగకుండనే పోతవా?" అన్నాడు ఆయన. "అక్క దగ్గరికి" అని చెప్పి బయల్దేరాను.

దవాఖానలో నన్ను చూసి అక్క మంచం మీద లేచి కూర్చుంది. సగానికి సగం చిక్కిపోయింది. కళ్లు తుడుచుకుంటూ, "ఇన్నాళ్లకు పంపిండా నీ మొగడు?" అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అప్పుడు గూడ ఆయన ఆపలే అక్కా. నేనే రాలే."