అడుగుకు దిగని పూస

నేను ఒక పూసను. దండకు గుచ్చే పూసననుకునేరు, కాదు. నా ఒళ్లంతా కలిపితే మీ తలవెంట్రుక మందం ఉంటాను. ప్లాస్టిక్ జాతిదాన్ని. నాలాంటివాళ్లం లక్షల కొద్దీ ఒకచోట చేరితే తడిసిన పిండిలా కనిపిస్తాం. ముందే ఒక మాట చెప్పేస్తాను, నేను పిరికిదాన్ని. పుట్టుకే గండంతో మొదలైనవాళ్లకు ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

హైదరాబాదు దాటాక శామీర్‌పేట వైపు ఒక చిన్న కార్ఖానా. అక్కడ పెద్ద గాజు పాత్రలో, వేడినీళ్లలో నూనెగా నా బతుకు మొదలైంది. పైనుంచి వేలాడే తెడ్డు గిరగిరా తిరుగుతుంటే ఆ నూనె చుక్కలు చుక్కలుగా విడిపోయింది. వేడికి ఒక్కో చుక్క గట్టిపడి ఒక్కో పూస కావాలి. పలచగా ఉన్నప్పుడు భయం లేదు, గట్టిపడ్డాకా లేదు. మధ్యలో జిగటగా ఉండే గంటన్నర ఉంది చూశారూ, అదీ గండం. ఆ సమయంలో తెడ్డు ఆగిందంటే అందరం ఒకరికొకరం అంటుకుపోయి ఒకే ముద్దవుతాం. అంతకు ముందు వారం పుట్టాల్సినవాళ్లకు అదే గతి పట్టింది. ఆ ముద్దను గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. గాజులోంచి మాకు ఆ తలుపు కనిపిస్తూనే ఉంది.

సరిగ్గా ఆ గంటన్నరలోనే కరెంటు పోయింది.

తెడ్డు వేగం తగ్గింది. నా పక్క చుక్క వచ్చి నా భుజానికి ఆనింది. దానికి నా మీద ప్రేమేమీ లేదు, నాకూ లేదు, అయినా ఇద్దరం అతుక్కోబోయాం. అప్పుడు పాత్ర దగ్గర కూర్చున్న కొమురయ్య ఎగిరి లేచాడు. ముప్ఫై ఏళ్లుగా పూసలు చేస్తున్న మనిషి. తెడ్డు తిరిగే చప్పుడు విని లోపల పూస సైజెంతో చెప్పగలడని అందరూ అంటారు. పైనున్న చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

"అంటుకోకుండ్రి బిడ్డా, జర ఓపిక పట్టుండ్రి" అన్నాడు మాతో. బయటికేమో, "జనరేటర్ ఎయ్యరేందిరా, చేతులు ఇరుగుతున్నయ్!" అని కేకేశాడు.

జనరేటరు అందుకునేదాకా ఆయన చెయ్యి ఆపలేదు. నేను బతికాను. సాయంత్రం ఆయన మమ్మల్ని సీసాలో ఎత్తి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూసి, "మంచిగున్నరు" అన్నాడు. చేతులకు బొబ్బలెక్కిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత మమ్మల్ని కడిగారు, జల్లెడ పట్టారు. కడిగినప్పుడు లోపల గట్టిపడకుండా మిగిలిన నూనె కరిగిపోయి ఒంటినిండా చిల్లులు మిగిలాయి. చిల్లుకుండ ఎందుకూ కొరగాదంటారు గానీ మా విలువంతా ఆ చిల్లుల్లోనే ఉంది. ఒక్కో చిల్లులో కొక్కేల్లాంటివి అతికించారు. వందరకాల ప్రోటీన్లు కలిసిన ద్రవం మా మీదుగా పారితే, ఆ కొక్కేలు తమకు కావలసిన ఒక్కదాన్నే పట్టుకుంటాయి. మిగతావన్నీ కిందికి పోతాయి. ఆ తర్వాత ఉప్పునీళ్లు పోస్తే పట్టుకున్నదాన్ని వదిలేస్తాం. మేం చేసే ఉద్యోగం అంతే. ఇంత చదువుకున్న మనుషులకు చేతకానిది, చదువురాని మాతో చేయించుకుంటారు.

మమ్మల్ని సారాలో నానబెట్టి, మూత బిగించి, పక్కనే ఉన్న మందుల కంపెనీకి పంపారు. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని పిల్లలుంటారు. వాళ్లకిచ్చే ప్రోటీనును అక్కడ తయారుచేస్తారు. మహా సుకుమారమైన ప్రోటీను అది. చల్లగదిలోంచి బయటికి తీశాక సాయంత్రంలోగా శుద్ధి చేయకపోతే పాడైపోతుంది. మేం అక్కడికి చేరేనాటికి నెల రోజుల కష్టం ఆ గదిలో రెండు డబ్బాల్లో ఎదురుచూస్తోంది.

అక్కడ నా బతుకు స్వరూప చేతిలో పడింది. సిద్దిపేట అమ్మాయి. ఆరేళ్లుగా అక్కడ పనిచేస్తోంది గానీ ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ కాయితం మీద వచ్చే సోమవారం సంతకం కావాలి. మందును శుద్ధి చేసే రోజు, అది పారే నిలువు గాజు గొట్టంలో పూసలను నింపే పని మొదటిసారి ఆమె ఒక్కదానికే అప్పజెప్పారు.

నింపేముందు మమ్మల్ని నీళ్లలో సమంగా కలపాలి. పైనుంచి వేలాడే తెడ్డుతో కలపాలి, లేదా జాడీని చేతులతో మెల్లగా ఊపాలి. ఆ రోజు తెడ్డు రిపేరుకు పోయింది. స్వరూప అరగంట ఊపింది. భుజాలు పడిపోయాయి. బల్ల మీద అయస్కాంతం మిషను కనిపించింది. చిటికెనవేలంత అయస్కాంతం పుల్లను జాడీలో వేస్తే, కింద మిషను తిరిగినకొద్దీ పుల్ల అడుగున తిరుగుతుంది. ఉప్పు, చక్కెర కలపడానికి దాన్ని మించింది లేదు. పూసలకు మాత్రం అది తిరగలి. పుల్లకీ గాజుకీ మధ్య పడ్డ పూస పిండైపోతుంది. స్వరూపకు ఈ సంగతి తెలుసు. "పది నిమిషాలే" అని తనకు తానే చెప్పుకుంది. ఇంతలో ఉప్పునీళ్ల లెక్క సరిచూడాలని ఎవరో పిలిస్తే వెళ్లింది. తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలు.

ఆ నలభై నిమిషాలు నేనేం పడ్డానో చెప్పలేను. ఒక చుట్టు తప్పించుకుంటే ఇంకో చుట్టుకు అడుగుకు జారేదాన్ని. మొదటి దెబ్బకు అంచు విరిగింది, రెండోదానికి మూడు ముక్కలయ్యాను. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది అందులో పెద్ద ముక్క. మిగతా రెండు ముక్కలూ ఏం చెప్పుకుంటున్నాయో నాకు తెలియదు.

స్వరూప వచ్చి చూసింది. జాడీలో నీళ్లు పాలలా ఉన్నాయి. మిషను ఆపి ఐదు నిమిషాలు చూసింది. మంచి పూసలు అడుగుకు దిగాయి. మాలాంటి ముక్కలం తేలుతూనే ఉన్నాం, పైనున్న తెల్లదనం తగ్గలేదు. ఆమె మొహం కూడా అదే రంగుకు తిరిగింది. "అయ్యో దేవుడా" అంది మెల్లగా. గోడ గడియారంలో పదకొండు అయ్యింది. పదకొండున్నరకు మందు డబ్బాలు వస్తాయి.

ఆమె ఏం చేసిందో చెబితే మీరు తిట్టుకుంటారు. మమ్మల్ని అలాగే, ముక్కలతో సహా, గాజు గొట్టంలో పోసింది.

పంపు వేయగానే నీళ్లతోపాటు ముక్కలన్నీ కిందికి జారి, అడుగున ఉన్న సన్నని జల్లెడకు అడ్డంపడ్డాం. నేనూ పడ్డాను. ఇష్టపడి చేసింది కాదు గానీ దారి మూసింది నేనే. ప్రెజరు చూపే ముల్లు పైకి లేచింది. స్వరూప పంపు వేగం తగ్గించింది. ముల్లు కొంచెం ఆగి మళ్లీ లేచింది.

తలుపు తెరుచుకుని కామేశ్వరి మేడం వచ్చింది. ఆ విభాగానికి పెద్ద. కాకినాడ మనిషి, మాట కటువు.

"ఏవమ్మా, ప్రెజరు అంతుందేంటి?"

"గాలి పట్టిందేమో మేడం" అంది స్వరూప.

అబద్ధం. నాకు నోరుంటే అరిచేదాన్ని. మందు ఎక్కినకొద్దీ దారి ఇంకా బిగుసుకుంటుంది. సగం మందు మా కొక్కేలకు వేలాడుతుండగా పంపు ఆగిపోతుంది. ఇక అది ముందుకూ పోదు, వెనక్కీ రాదు. సాయంత్రానికి విరిగిన పాలే. ఆ నెల రెండువందల మంది పిల్లలకు సూదిమందు ఉండదు. ఆ సంగతి స్వరూపకు నాకంటే బాగా తెలుసు. గాజుకు చెయ్యి ఆనించి, ముల్లు వంకే చూస్తూ నిలబడింది. నాకు తెలిసిన భయాలన్నీ ఒళ్లు ముక్కలవుతుందేమోనన్నవే. తను చేసిన పనికే తను భయపడటం మొదటిసారి చూశాను. అది ఇంకా ఘోరంగా ఉంది.

డబ్బాలు వచ్చాయి. కామేశ్వరి మేడం స్వయంగా డబ్బాకు సన్నగొట్టం తగిలించి, మందును లోపలికి వదిలే తిప్పుడుబిళ్ల మీద చెయ్యి వేసింది.

"ఆగుండ్రి మేడం!"

మేడం తిరిగి చూసింది.

"గాలి గాదు మేడం. నేనే చేసిన. అయస్కాంతం మీద పెట్టిన పూసల్ని. నలభై నిమిషాలు. నలిగినయ్ మేడం. తెల్వక గాదు, తెలిసే పెట్టిన."

మేడం తిప్పుడుబిళ్ల మీంచి చెయ్యి తీసింది.

"ఇందాక అడిగితే చెప్పలేదేం?"

"భయమైంది మేడం."

"ఇప్పుడు పోయిందా?"

"లేదు మేడం."

మేడం డబ్బాలను చల్లగదిలోకి తిప్పి పంపించింది. చేతులకు తొడుగులు వేసుకుని, "రా, ఖాళీ చేద్దాం" అంది. మమ్మల్నందరినీ మళ్లీ పెద్ద జాడీలో పోసి నీళ్లతో నింపారు. మంచివాళ్లు దిగేదాకా ఆగారు. తేలుతున్నవాళ్లను వేరే జాడీలోకి వంచారు. మళ్లీ నీళ్లు, మళ్లీ ఆగడం, మళ్లీ వంచడం. దిగడానికి నేనూ నానా తంటాలు పడ్డాను. బరువు చాలలేదు. రెండో వంపుకే బయటపడ్డాను. ఐదో వంపుకు నీళ్లు తేటబడ్డాయి.

మిగిలిన పూసలు గొట్టంలో సగానికి కొంచెం పైదాకా వచ్చాయి. ముల్లు కదలకుండా నిలబడింది. మందును సగం సగం చేసి రెండు విడతలుగా ఎక్కించారు. చీకటిపడకముందే ఆఖరి చుక్క దిగింది. పరీక్షల్లో మందు మంచిదనే తేలింది. స్వరూప కాయితం మీద మాత్రం ఆ సోమవారం సంతకం కాలేదు. ఏడాది వెనక్కి పోయింది.

వంచిన తెల్లనీళ్లను పారబోయబోతుంటే మేడం, "ఒక సీసాడు ఉంచు. పైన చీటీ అతికించు" అంది. స్వరూప తన చేత్తోనే రాసింది: 'అయస్కాంతంతో కలిపిన పూసలు. కలిపింది స్వరూప.' అలా నేను సీసాలో చేరి శిక్షణగది బీరువా ఎక్కాను.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది స్వరూపే. సీసా ఊపి బల్లమీద పెడుతుంది. మేం పైకి లేస్తాం, నీళ్లు తెల్లబడతాయి. సీసా ఎత్తిన ప్రతిసారీ తిరగలి గుర్తొచ్చి నా ప్రాణం గిలగిల్లాడుతుంది. చీటీ మీది పేరు చదివి వాళ్లు ఆమె మొహం చూస్తారు. ఆమె అంతా చెబుతుంది, గాలి పట్టిందన్న అబద్ధంతో సహా.

మొన్న పాఠం అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఒకమ్మాయి ఉండిపోయింది. లావణ్య ఆమె పేరు, చేరి మూడు నెలలు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"మేడం, పొద్దున ఉప్పునీళ్లు కలిపిన. తూకం తప్పిందని తర్వాత చూసుకున్న. ఎవరికీ చెప్పలె."

స్వరూప తిట్టలేదు. "వాటిని వాడిన్రా?" అని ఒక్క మాటే అడిగింది.

"పన్నెండింటికి ఎక్కిస్తరంట మేడం."

స్వరూప గడియారం చూసింది. పదకొండూ యాభై. లావణ్య చెయ్యి పట్టుకుంది. నన్ను బీరువాలో పెట్టడం కూడా మరచిపోయి ఇద్దరూ పరుగున వెళ్లిపోయారు.