ఒకటో నంబరు ఫారం

భిక్షపతి పదమూడో బ్యూరెట్టు కడిగి వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు. మిగతావాళ్లలా తల పైకెత్తి చూడటం అతనికి కుదరదు. మెడ కదలదు. మడమల మీద మనిషి మొత్తం వెనక్కి వాలాలి. అలా వాలి, గొట్టంలో మరక లేదని చూసుకుని, స్టాండుకు తగిలించాడు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో వెనక సందులో నాలుగంతస్తుల ప్రైవేటు డిగ్రీ కాలేజీ అది. మూడో అంతస్తులోని కెమిస్ట్రీ ల్యాబుకు అతను ఇరవై ఆరేళ్లుగా అటెండరు, అదీ ఒక కాంట్రాక్టు ఏజెన్సీ కింద. వయసు యాభై రెండు. కాలేజీలో అందరూ ముసలాయన అంటారు. పళ్ల మీది గోధుమ రంగు చారలు చూసి ప్రతి కొత్త బ్యాచీ గుట్కా నములుతాడనుకుంటుంది. అతను ఎన్నడూ గుట్కా ముట్టలేదు. నల్లగొండ జిల్లాలో తన ఊళ్లో పాతికేళ్లు బోరు నీళ్లు తాగాడు, అంతే. ఇప్పుడు ఆ ఊరికి నల్లా వచ్చింది. అప్పుడు తాగిన నీళ్లు మాత్రం ఎముకల్లోనే ఉండిపోయాయి.

ఇన్నేళ్లలో ఆ సంగతి అతన్ని అడిగింది ఒక్క రమ్యే.

రమ్య బీఎస్సీ రెండో ఏడు. పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఒక్క గదిలో కిరాయికి ఉంటారు. తండ్రి పేరు తిరుపతి, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ. మార్కెట్టు ఊరి బయటికి తరలిపోయాక తెల్లారకముందే బస్సెక్కి అంత దూరమూ పోతున్నాడు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి రమ్య.

"కాకా, నీ మెడకేమైంది?" అని అడిగింది ఒకనాడు.

"ఏం గాలే బిడ్డా. మా ఊరి నీళ్లు."

ఆమె అక్కడితో వదల్లేదు. ఆర్నెల్లపాటు ఆదివారాలు అతని ఊరికి వెళ్లి పంతొమ్మిది బోర్ల నీళ్లు సీసాల్లో తెచ్చింది. ఎర్రటి మందు కలిపితే ఆ నీళ్లు పసుపుకు తిరిగేవి. ఎంత పసుపైతే అంత ఫ్లోరైడు. నల్లా రాని రోజుల్లో ఎవరు ఏ బోరు నీళ్లు తాగుతున్నారో, ఎవరికి ఏ కీలు పట్టేసిందో ఇల్లిల్లూ తిరిగి రాసుకుంది. ఫారాల మీద పేర్లుండవు, నంబర్లే. ఒకటో నంబరు భిక్షపతిది.

నగరంలోని ఒక వైద్య పరిశోధన సంస్థ ఏటా వేసవిలో డిగ్రీ పిల్లలను ఎనిమిది వారాలు పెట్టుకుని పరిశోధన నేర్పుతుంది. పల్లెల నుంచి వచ్చి, తమ ఇంట్లో మొదటిసారిగా చదువుకుంటున్నవాళ్లకే ఆ సీట్లు. కాలేజీకి ఒక్కటే. రమ్య తన ఫైలును ప్రిన్సిపాల్ విశ్వేశ్వరరావుకు ఇచ్చింది. "నీ ఇంగ్లిష్‌తో అక్కడ నెగ్గుకురాలేవమ్మా. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడాయన. ఫైలు మాత్రం తిరిగివ్వలేదు.

కాలేజీ పంపింది అభిలాష్ పేరు. కాలేజీ నడిపే కరస్పాండెంటుకు మేనల్లుడు. తండ్రి డాక్టరు, తల్లి లాయరు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర వాళ్లకు ఈతకొలనుతో సహా ఒక ఫామ్‌హౌసుంది. ఆ అడ్రసుతో, తల్లిదండ్రుల చదువు రాయకుండా వదిలేసి, అభిలాష్ పల్లెటూరి విద్యార్థి అయిపోయాడు.

పదకొండు గంటలకు సంస్థ నుంచి డాక్టర్ భావన ఇంటర్వ్యూకు వచ్చింది. భిక్షపతి టీ తీసుకుని మొదటి అంతస్తులోని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. భావన ఎదురుగా అభిలాష్, పక్కన ప్రిన్సిపాల్ కూర్చుని ఉన్నారు. టేబుల్ మీద ఫైలు తెరిచి ఉంది. అట్ట మీద అభిలాష్ పేరు. లోపల రమ్య చేతిరాత. 'ళ' కింద ఆమె పెట్టే పొడుగు తోకను అతను ఎక్కడైనా గుర్తుపడతాడు.

"ఈ ఒకటో నంబరు ఫారం నన్ను రాత్రంతా వదల్లేదు" అంది భావన. చదివి వినిపించింది. "'నాకు బిడ్డ పుట్టినప్పుడు ఒళ్లో పెట్టిన్రు. కిందికి వంగి మొఖం చూడరాలే. నా కండ్ల ముంగటికి ఎత్తి పట్టుకోమని మా ఆమెను అడిగిన.' ఎవరీయన? ఎక్కడ కలిశావు?"

అభిలాష్ ప్రిన్సిపాల్ వైపు చూశాడు. "మా ఫామ్‌హౌస్ దగ్గర వాచ్‌మన్ మేడం. లాస్ట్ మంత్ చనిపోయారు."

కప్పు పెట్టబోతున్న చెయ్యి ఆగింది. ఆ మాట భిక్షపతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక్క రమ్యకే చెప్పాడు, అదీ మూడోసారి అడిగాక.

"సచ్చిపోలే మేడం" అన్నాడు. "గా మనిషిని నేనే."

"భిక్షపతీ, నువ్వు బయటికెళ్లు" అన్నాడు విశ్వేశ్వరరావు.

"ఉండండి. ఆయన్ని చెప్పనివ్వండి" అంది భావన.

"గీ కాయితాలన్నీ రమ్య అనే పిల్లవి మేడం. ఐతారం ఐతారం బస్సుల పోయి రాసింది. గా పిలగాడు మా ఊరు మొఖం చూడలే."

"ఆ అమ్మాయి ఎక్కడుంది?"

"ఇవాళ రాలేదండీ" అన్నాడు ప్రిన్సిపాల్.

"వచ్చింది. పైన ల్యాబుల ఉన్నది. తోలుకొస్త."

లిఫ్టు ఉంది. అటెండర్లు ఎక్కరాదని దాని తలుపు మీద కాగితం ఉంది. వంగని మోకాళ్లతో, మెట్టుకు రెండు పాదాలూ ఆనించుకుంటూ రెండంతస్తులు ఎక్కాడు. పైకి చేరేసరికి చొక్కా వీపుకు అతుక్కుంది.

"కింద నీ ఫైలు అడుగుతున్రు బిడ్డా. తెలుగులనే చెప్పు. గామెకు సమజైతది."

"సారు కొడ్తడు కాకా."

"కొట్టడు. నడువు."

రమ్య గంటసేపు చెప్పింది. ఏ బోరు ఎవరి ఇంటి ముందుందో, ఏ నీళ్లు ఎంత పసుపుకు తిరిగాయో కాగితాలు చూడకుండా చెప్పింది. భావన అభిలాష్ దరఖాస్తు మీద అడ్డంగా గీత కొట్టి, కొత్తది తీసి రమ్య ముందు పెట్టింది. ప్రిన్సిపాల్ సంతకం పడేదాకా కుర్చీలోంచి లేవలేదు.

"మే ఒకటిన వచ్చెయ్యమ్మా" అంది వెళుతూ.

మధ్యాహ్నం ప్రాక్టికల్స్ ఎప్పటిలాగే నడిచాయి. నాలుగున్నరకు విశ్వేశ్వరరావు పిలిపించాడు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. మీ ఏజెన్సీకి చెప్పేశాం." తల ఎత్తలేదు. "ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నావు, నీకెందుకయ్యా ఈ గొడవ?"

"పిల్ల ఫైలు గుంజుకున్రు. ఊకున్న, అది నా తప్పే" అన్నాడు భిక్షపతి. "నేను నిలవడి ఉండంగనే సచ్చిపోయిండన్నరు. ఎట్ల ఊకుంట సారు?"

ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషిని పంపడానికి ఒక కాగితం ముక్క కూడా అవసరం పడలేదు.

రమ్య అప్పటికే తండ్రికి చెప్పడానికి ఇంటికి పరుగెత్తింది. ఆమెకు ఫోన్ చెయ్యలేదతను. ఈ ఒక్క పూటా సంతోషంగా ఉండనీ అనుకున్నాడు. ల్యాబుకు తిరిగి వెళ్లి గ్యాసు కట్టేశాడు. ఫ్యాన్లు ఆపాడు. తాళాలు గేటు దగ్గర ఇచ్చి, మెట్రో కింద జనంలో కలిసి తన ఇంటి వైపు నడిచాడు.

ల్యాబులో సింకు పైన, అతని కంటి ఎత్తులో, గోడకు అరచేయంత అద్దం ముక్క అంటించి ఉంది. వెనక నుంచి ఎవరు పిలిచారో మెడ తిప్పకుండా చూసుకోవడానికి ఎప్పుడో పెట్టుకున్నది. మూసిన తలుపు అందులో కనిపిస్తోంది.