ముప్పయ్యొక్క గ్రాముల చాకు

పెళ్ళయిన పన్నెండో రోజున అక్షిత తన భర్త చేసిన మడత చాకును కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూకం వేయించింది. ముప్పయ్యొక్క గ్రాములు.

"బంగారమా ఏంది బిడ్డా, గింత ముద్దుగ జోకిస్తున్నవ్?" అన్నాడు కొట్టాయన.

"బంగారమైతే గిట్ల చప్పుడు చేస్తదా?" అని ఆయన చెవి దగ్గర పెట్టి టక్కుమనిపించి, ఇంటిదాకా దాన్ని తెరుస్తూ మూస్తూ వచ్చింది.

ఆ తెరవడం, మూయడం ఆమెకు మహా సరదా. గోటితో లాగితే కోసే అలుగు ముందు మొరాయిస్తుంది. సగానికి వచ్చి కాస్త ఆగుతుంది. ఆ తరువాత తనంత తానే పోయి కూర్చుంటుంది. డిగ్రీలో ఫిజిక్సు చదివినా స్ప్రింగంటే చుట్టలు చుట్టిన తీగ అనే ఆమె అనుకునేది. ఇందులో చుట్టల్లేవు. పిడి వీపున సన్నని ఇనుప పట్టీ ఒకటి పడుకుని ఉంటుంది, అలుగు కదిలినప్పుడల్లా వెంట్రుకవాసి లేచి మళ్ళీ దిగుతుంది. అలుగు, పట్టీ, రెండు చెక్కలు, మూడు మేకులు. చాకంటే ఇంతే.

"మిగిలినోళ్ళు చెక్కల లోపట ఇత్తడి రేకులేస్తరు. బరువంత గాడనే అస్తది," అని దేవేందర్ వివరించాడు. "నాడె కట్టె దొరికినంక రేకెందుకు? ముప్పై ఏండ్లు నూలు మోసుకుంట మగ్గంల అటు ఇటు ఉరికి దెబ్బలు తిన్న కట్టె గది."

దేవేందర్ వాళ్ళది కల్లు గీసే ఇల్లు. నాన్న నడుముకు ఎప్పుడూ గీత కత్తి ఉండేది. కొడుకు తాటిచెట్టు ఎక్కలేదు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో మెకానిక్ అయ్యాడు. కత్తి మీది ప్రేమ మాత్రం నడుము నుంచి జేబులోకి దిగింది. అక్షిత జగిత్యాలలో పెరిగిన మేనమామ కూతురే అయినా, బావకు ఈ పిచ్చి ఉన్నట్టు పెళ్ళిదాకా తెలియదు. తెలిశాక పది రోజుల్లో ఆమెకూ అంటుకుంది.

అయితే షెడ్డు యజమాని పాత మగ్గాలన్నీ తుక్కుకు అమ్మేశాడు. మహారాష్ట్రలో భీవండి మగ్గాలకు మనుషులను తీసుకుపోయే మేస్త్రీ సోమవారం బయలుదేరుతున్నాడు. ఆయన రాసుకున్న పేర్లలో దేవేందర్ పేరు కూడా ఉంది. అక్కడ ఒక్కో గదిలో పదిమంది మగవాళ్ళు. పెళ్ళాన్ని వెంటబెట్టుకుపోయే చోటు కాదు.

పోకుండా ఉండటానికి ఒకే దారి ఉంది. కొండలెక్కేవాళ్ళకు సామాన్లు అమ్మే హైదరాబాదు దుకాణదారు ఒకాయన చాకు చూసి మురిసిపోయాడు. నెలకు యాభై చాకులు తీసుకుంటానన్నాడు. వెయ్యిసార్లు తెరిచి మూసినా పట్టీ బిగువు తగ్గకూడదని మాత్రం షరతు పెట్టాడు.

దేవేందర్ పట్టీలు రెండు వందలు దాటడం లేదు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజులా పెళుసెక్కి విరిగేవి. మళ్ళీ కొంచెం కాచి మెత్తబరిస్తే వంగినవి వంగినట్టే ఉండిపోయేవి. రెండింటికీ నడుమ, ఇనుము మీద రంగులు మారుతూ పోతున్నప్పుడు, సరైన రంగు ఒకటుంటుంది. అక్కడే ఆపాలి. యూట్యూబులో చెప్పేవాళ్ళ ఇనుముకు పేరుంటుంది, దానికో లెక్క ఉంటుంది. ఇతని ఇనుము పాత మగ్గాల నుంచి ఊడదీసింది. దానికి పేరు లేదు.

అలాంటి ఇనుముతోనే ఇరవై ఏళ్ళు బిగువు పోని చాకులు చేసినవాడు కోరుట్లలో కమ్మరి మొగిలయ్య. దేవేందర్ నాన్నకు గీత కత్తులు చేసింది ఆయనే. పోయిన దసరాకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. అక్షిత ఫోను చేసి ఆయన ఎలా ఉన్నాడని భార్య గౌరవ్వను అడిగింది.

"సూస్తడు బిడ్డా, ఇంటడు, తలకాయ ఊపుతడు. గంతే," అంది గౌరవ్వ.

అక్షిత ఫోను పెట్టేసి ఎగిరి గంతేసింది. "మాటెందుకు బావా? రంగు చూసి తలూపితే చాలదా?"

శనివారం పొద్దున్నే కోరుట్లలో దిగారు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచి, తెల్లగా మెరిసేలా రుద్దిన పట్టీలు ఆరు, దేవేందర్ గుడ్డలో చుట్టుకొచ్చాడు. దసరా నుంచి చల్లబడి ఉన్న కొలిమిని రాజేశారు. మొగిలయ్య మంచాన్ని ఇద్దరూ పట్టి కొలిమి దగ్గరికి జరిపారు. మంట లేవగానే ముసలాయన ఎడమ కన్ను వెలిగింది. అక్షిత గాలి చక్రం తిప్పింది. చేతికి మసి అంటితే చూసుకుని మురిసింది.

మంట మీద ఇనుప పలక, పలక మీద పట్టీ. తెల్లటి పట్టీ గడ్డి రంగుకు తిరిగింది. ఆ తరువాత తేనె రంగు.

"చాలా తాతా?" అన్నాడు దేవేందర్.

మొగిలయ్య తల ఊపాడు. పట్టీ నీళ్ళలో చుయ్యిమంది. చాకులో బిగించి అక్షిత లెక్కపెట్టింది. అరవై మూడుకు విరిగింది.

"నేనే తొందరవడ్డ. తాత సరింగ తలకాయ ఊపకముందే ముంచిన," అన్నాడు దేవేందర్.

రెండోది నేరేడు రంగుదాకా పోనిచ్చి అడిగాడు. మొగిలయ్య తల ఊపాడు. ఈసారి దేవేందర్ లెక్క మొదలుపెట్టగానే, గౌరవ్వ చాయ పెడుతోందని అక్షిత లోపలికి వెళ్ళింది.

"తాతకు చక్కెర ఎయ్యాల్నా అవ్వా?"

"ఎయ్యకు, షుగరున్నది. ఆయిననైతే అడుగకు. అడిగితే ఊపుతడు."

అక్షిత చేతిలో చెంచా ఆగింది. "అంటే?"

"అంటే ఏంది? నొప్పున్నదా అని డాక్టరడిగితే ఊపిండు. నొప్పి లేదా అంటే గూడ ఊపిండు. మొన్న పించనాయిన అచ్చి, నువ్వు సచ్చిపోయినవట గదనే మొగిలయ్యా అన్నడు. దానికి గూడ ఊపిండు. పించనాయిన నవ్వలేక సచ్చిండు."

"మరి ఫోన్ల తలూపుతడని చెప్తివి గద అవ్వా."

"ఊపుతలేడా? నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?" గౌరవ్వ గ్లాసులు కడుగుతూ అంది. "మీరు పలకరియ్యవస్తున్నరనుకున్న. గిట్ల కొలిమి అంటవెట్టుకుంటరని నాకేమెరుక?"

అక్షిత చాయ గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చింది. దేవేందర్ ముందు రెండో పట్టీ కూడా రెండు ముక్కలై పడి ఉంది. గ్లాసులు నేల మీద పెట్టి, అతని పక్కన కూర్చుంది.

"బావా, తాతకు..."

"తెల్సు," అన్నాడు దేవేందర్. "మంట మీద పెట్టని పట్టీ సూపెట్టి అడిగిన. ఊపిండు."

"మరి మంటెందుకు ఎగేస్తున్నవ్?"

"ఇంక నాలుగున్నయ్ గద."

ఇక ఎవరినీ అడగకుండా తన కంటితోనే చూసుకున్నాడు. మూడోది వంగిపోయింది. నాలుగోది నలభైకి విరిగింది. ఐదోది నెమలి కంఠం రంగు రాగానే తీశాడు. అది రెండు వందలు దాటింది. మూడు వందలు దాటింది. అక్షితకు చాయ చల్లారిన సంగతి తెలియలేదు. మూడు వందల నలభై దగ్గర టక్కుమనే చప్పుడు మెత్తబడింది. నాలుగు వందలకు అలుగు తలుపు రెక్కలా ఊగింది. ఆరోదాన్ని ఇంకొంచెం ముందు తీయబోయాడు. ఆ కొంచెం ఎంతో తెలియలేదు. నీళ్ళలో పడగానే పగిలింది.

మంచం మీద మొగిలయ్య కొలిమి వైపే చూస్తున్నాడు. పెదవి ఎడమ అంచు రెండుసార్లు కదిలింది. దేవేందర్ ఆయన మొహానికి చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఏమన్నడు?" అంది అక్షిత.

"ఊపిరంతే."

గౌరవ్వ తినిపొమ్మని పట్టుబట్టింది. తిన్నారు. కొలిమి మీద నీళ్ళు చల్లారు. ఇంటికి తిరిగొచ్చే వేములవాడ బస్సులో యాత్రికుల పిల్లలు కిటికీల కోసం కొట్లాడుకుంటుంటే, దేవేందర్ మేస్త్రీకి ఫోను చేశాడు.

"అన్నా, నేనే. నా పేరు ఉంచుండ్రి. అస్తున్న." కాసేపు విన్నాడు. "సరే. సరే అన్నా."

"ఏమంటున్నడు?"

"ఒక్క పెట్టెనే తెచ్చుకోవాల్నట. గదిల జాగ లేదట."

అక్షిత కిటికీలోంచి బయటికి చూస్తూ మనసులోనే పెట్టె సర్దడం మొదలుపెట్టింది. రెండు లుంగీలు, నాలుగు అంగీలు, తువ్వాల, దుప్పటి, మామిడికాయ తొక్కు సీసా. చలికాలానికి స్వెటరు. పెళ్ళిబట్టలు అక్కడ ఎందుకు, అవి ఇంట్లోనే ఉండనీ. ఇంకేముందో ఎంత తవ్వినా గుర్తు రాలేదు. అన్నీ పెట్టాక కూడా పెట్టెలో ఒక మూల ఖాళీగానే ఉంది.