ఓడిపోయే పని

పాల పాకెట్టు మూల పంటితో కొరికి, సగం మందు కొట్టే డబ్బాలోకి ఒంపాడు ఇమాం వలి. మిగతా సగం మూతి మడిచి పంపుషెడ్డు గోడ మీద పెట్టుకున్నాడు, టీకి పనికొస్తాయని. డబ్బాలో నీళ్లు తెల్లబడ్డాయి. కెమెరాలో మందులా కనబడాలంటే పాలు కలపాలని మొదటి బ్యాచ్ వాళ్లెవరో కనిపెట్టారు. వయసంతా వీపు మీద విషం మోసినవాడికి ముసలితనం తగిలాక పాలు మోసే యోగం పట్టింది. అలవాటు చావక గుడ్డ అడ్డం పెట్టి ఆ నీళ్లను వడగట్టాడు కూడా.

మనిషి ఎండిన కందికట్టెలా ఉంటాడు. గోళ్లు పసుపు, కళ్ల అంచులు ఎప్పుడూ ఎరుపు. రెండు భుజాల మీదా పట్టీ ఒరుసుకుని చర్మం ఎద్దు మెడలా కాయ కాసింది. డబ్బా పట్టీకి అతని భార్య నన్నీ బీ పాత బొంత చింపి, దూది కూరి మెత్తలు కుట్టింది. ఆమె పుట్టింటివాళ్లది పరుపులు కుట్టే పని. ఈ పొద్దున ఆ మెత్తకు ఊడిన కుట్టు మళ్లీ వేస్తూనే సాధించింది.

"గెలిచే పనికి పోయేవాళ్లను సూసినా. ఓడిపోయేదానికి ఇంత పొద్దున్నే ఉరికేటోన్ని నిన్నే సూస్తాండా."

"నువ్వు కుట్టు ఏయ్, మాటలొద్దు" అన్నాడు ఇమాం వలి.

కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో, రాళ్లు తప్ప ఏదీ పండని చోట, అద్దాల గోడలు పెట్టి ఒక కంపెనీ లేపారు. దాన్ని యాక్సిలరేటర్ అంటారు. డ్రోన్లు చేస్తామనే పిల్లోళ్లను ఏడాదికి రెండు బ్యాచ్‌లుగా ఏరుకొస్తారు. తిండి పెట్టి, కొంత పెట్టుబడి ఇచ్చి, చివర్లో డెమో డే అని ఒక తిరునాల చేస్తారు. ఇంకా పెద్ద పెట్టుబడి పెట్టే దొరలు హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి దిగుతారు. రైతుల్ని బస్సుల్లో తోలుకొస్తారు. చూపించడానికని నల్లమట్టి తోలించి, బోరు వేసి పెంచిన పత్తిచేను ఒకటుంది. అందులో ఒక పక్క డ్రోను, ఒక పక్క ఇమాం వలి ఒకేసారి మందు కొడతారు. ఇమాం వలి ఓడిపోవాలి. అదే అతని ఉద్యోగం.

మొదటిసారి పిలిచినప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పిల్లోళ్లు బ్యాటరీ బిగించేలోగా అతను చేను సగం దాటేశాడు. చుట్టుపక్కల ఊళ్లలో అతని నడకకు పేరు. రెండు సాళ్లకు ఒకే నడక. ఎడమచేయి పిడి మీద ఆడుతుంటే కుడిచేతిలో గొట్టం పాము పడగలా అటూ ఇటూ తిరిగేది. రైతులు పెండ్లి పురోహితుణ్ణి అడిగినట్టు అతన్ని అడిగి రోజు పెట్టుకునేవాళ్లు. ఆ అడిగినవాళ్లలో ఒక్కడూ ముక్కుకు కట్టుకోను గుడ్డపేలిక ఇచ్చిన పాపాన పోలేదు, అది వేరే మాట. ఆ రోజు ప్రోగ్రాం మేనేజరు అరుణ్ కుమార్ కడుపు పట్టుకుని నవ్వి, "నువ్వు గెలిస్తే మాకు అన్నం ఎవరు పెడతారు?" అన్నాడు. తండ్రి వయసువాడికి ఎలా నడవాలో నేర్పాడు. మెల్లగా. కాళ్లీడ్చి. మధ్యలో నడుం పట్టుకుని ఒకసారి ఆగాలి. ముఖానికి గుడ్డ ఉండకూడదు, దగ్గు వస్తే ఆపుకోకూడదు.

రెండేళ్లుగా అలాగే ఓడాడు. అతని ఓటమి చూసి రైతులు డ్రోన్లు అద్దెకు తెచ్చుకున్నారు. మందు కొట్టే కూలోళ్లకు పని పోయింది. ఊళ్లో అతనికి టీ ఇచ్చే చేయి లేదు.

పదిగంటలకు బస్సులు వచ్చాయి. మొదటి బస్సులోంచి దిగిన తిమ్మయ్య నేరుగా పంపుషెడ్డు దగ్గరికొచ్చాడు. ఒకప్పుడు ఇద్దరూ జంటగా చేలకు మందు కొట్టినవాళ్లు. ఇప్పుడు తిమ్మయ్య బిర్యానీ పెడతారని వచ్చిన జనంలో ఒకడు.

"ఏమప్పా వలీ, ఈపొద్దు గూడా ఓడిపోతాండావా?"

"నీకేం నొప్పి? బిర్యానీకి వచ్చినావు, తిని పో."

"నువ్వు ఓడిన కాడల్లా మా పొయ్యి ఆరిపోతాండాదిలే. ఆ మాత్రం తినిపోతాం."

ఇమాం వలి ఉమ్మేసి మొహం తిప్పుకున్నాడు. అప్పుడే అరుణ్ కుమార్ ఫోను చూసుకుంటూ వచ్చాడు. వెనక సుప్రజ. ఈ బ్యాచ్‌లో డ్రోను ఆమెదే. జమ్మలమడుగు దగ్గరి రైతు బిడ్డ, నిద్ర లేక కళ్లు వాచి ఉన్నాయి.

"ఇమాం వలీ, ఇవాళ బాగా చెయ్యాలి. నాలుగు కెమెరాలు పెట్టాం. ఇదొక్కటి తీసి పెట్టుకుంటే వచ్చే బ్యాచ్ నుంచి వీడియోనే వేసేస్తాం. నువ్వు మళ్లీ రానక్కర్లేదు."

"అంటే సార్, నేను లేకున్నా నేను ఓడిపోయేది సూపిస్తారా?"

"ఎన్నిసార్లయినా చూపించొచ్చు" అన్నాడు అరుణ్ కుమార్, అదేదో వరమిస్తున్నట్టు.

ఇమాం వలి డబ్బా వైపు చూశాడు. ఇన్నాళ్లూ ఓడినవి ఏ రోజుకారోజు గాలికి పోయాయి. ఇది పోదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు తరాల పాటు అతను కాళ్లీడ్వడం చూస్తారు. మందు కొట్టేవాడంటే ఇలా ఉండేవాడన్నమాట అనుకుంటారు. నీయమ్మ, ఈ ఒక్క నడకా నాది అనుకున్నాడు. డబ్బా ఎత్తి వీపున వేసుకుని పట్టీ బిగించాడు.

ఈల పడింది.

పత్తిలోకి దూసుకుపోయాడు. కాళ్లు పాత దారి పట్టాయి, రెండు సాళ్లకు ఒకే నడక. పిడి కటకటలాడింది. తెల్లటి తుంపర అతనికి రెండు వైపులా రెక్కల్లా విచ్చుకుంది. వెనక డ్రోను ఇంకా నేల మీదే రొద పెడుతోంది. కుర్చీల్లోని దొరలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బస్సుల జనంలోంచి తిమ్మయ్య గొంతు లేచింది.

"పో వలీ, పో! సూపియ్ నా కొడుకులకు!"

మొదటి మలుపు అతనే తిరిగాడు. తిరుగు నడక సగానికొచ్చేసరికి ఎదలో ఏదో కొక్కెం తగులుకుంది. గాలి లోపలికి పోవడం లేదు. ఇంకా ఉరుకుదామని చూశాడు. రెండేళ్లు ఈడ్వడం నేర్చుకున్న కాళ్లు వాటంతటవే ఈడ్చుకున్నాయి. దగ్గు తెర మీద తెరగా వచ్చింది. అరుణ్ కుమార్ ఎక్కడ ఆగమని నేర్పాడో అక్కడే ఆగిపోయి నడుం పట్టుకున్నాడు. డ్రోను తాపీగా తల మీదుగా పోయింది. దాని తుంపర అతన్ని తడిపింది. జనం చప్పట్లు కొట్టారు.

చేను గట్టుకు ఎలా వచ్చాడో తెలియదు. అరుణ్ కుమార్ భుజం తట్టాడు.

"చాలా సహజంగా వచ్చింది. ఇన్నాళ్లూ ఏదో నటించినట్టుండేది, ఇవాళ కరెక్టుగా కుదిరింది. ఆ మొదట్లో ఉరికిన ముక్క మాత్రం కోసేద్దాం."

"యాల అన్నా, అట్ల ఉరికినావు?" అడిగింది సుప్రజ.

"ఉరకాలనిపించిందిలే పాపా."

దొరలు పిలుస్తున్నారని అరుణ్ కుమార్ ఆమెను తీసుకుపోయాడు.

ఇమాం వలి పంపుషెడ్డు నీడకు చేరి, డబ్బా విప్పే ఓపిక లేక దానికే ఆనుకుని కూర్చున్నాడు. గోడ మీద సగం పాల పాకెట్టు ఎండకు ఉబ్బింది. షామియానాలో గిన్నెల చప్పుడు, నవ్వులు. పెద్ద తెర మీద అప్పుడే వీడియో వేశారు. దగ్గే ఇమాం వలి, నడుం పట్టుకునే ఇమాం వలి. అతను అటు చూడలేదు.

కాసేపటికి తిమ్మయ్య విస్తరాకు ప్లేటు నిండా బిర్యానీ పట్టుకొచ్చాడు. రెండేళ్లలో అతనికోసం ఎవరైనా ఏదైనా పట్టుకురావడం అదే మొదలు. ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తిను. కోసేసినారు గానీ, ముందు నువ్వే ఉండావు. నేను సూసినా. ఊర్లో అందరికీ చెప్తా."

ఇమాం వలి పలకలేదు. గడ్డం ఎదకు ఆనింది. అలిగినాడేమో అనుకుని తిమ్మయ్య ఇంకో మాట అన్నాడు, ఇంకోటి అన్నాడు. తర్వాత ప్లేటు కింద పెట్టి, చేయి పట్టుకుని చూశాడు. చాలాసేపు ఆ చేయి వదల్లేదు.

మనిషిని ఎత్తడానికి పట్టీ కోయాల్సి వచ్చింది. నన్నీ బీ శవాన్ని తీసుకుపోయింది గాని, డబ్బాను కంట చూడనని చెప్పేసింది.

తర్వాతి బ్యాచ్ వచ్చింది, వీడియో ఆడుతోంది. డబ్బా మాత్రం పంపుషెడ్డు గోడకే ఆనుకుని ఉంది. అడుగున పాలనీళ్లు విరిగి, ఎండి, పొరకట్టాయి. తెగిన పట్టీ మట్టిలోకి వేలాడుతోంది. ఆ పొద్దున నన్నీ బీ కొత్తగా వేసిన కుట్టు ఊడలేదు, దూది మెత్తలో భుజం దిగిన గుంట అలాగే ఉంది.