గుడి తాతకు రెండో భాగం

కూతురికి నర్సింగులో సీటు వస్తే సినిమా వేయిస్తానని బుసబా ఊరి గుడిలోని తాతదేవుడికి మొక్కుకుంది. సీటు వచ్చింది. ఏ సినిమా వేయించాలన్న దగ్గరే తగువొచ్చింది. నిరుడు పొరుగువాళ్లు తాతకు చూపించిన అంతరిక్ష నౌక సినిమాకు ఇప్పుడు రెండో భాగం వచ్చింది మరి.

"ఆ కథ అక్కడితో సరి. నౌక చీకట్లో కలిసిపోవడమే దాని అందం," అన్నాడు భర్త విచియన్. "కొబ్బరన్నం బాగుందని ఆకు కూడా నములుతామా?"

"నువ్వు నమలకులే. ఆ నౌక ఏమైందో అని తాత ఏడాదిగా ఎదురుచూస్తుంటాడు. ఆయన మనసు కష్టపెడితే అమ్మాయి చదువు సాగుతుందా?"

చివరికి తాతనే అడుగుదామని గుడిలో నెలవంక చెక్కల జత విసిరారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే తాత సరేనన్నట్టు. రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే తాత నవ్వుతున్నాడు.

"చూశావా, రెండో భాగమంటేనే ఆయనకి నవ్వొచ్చింది!"

"నవ్వింది నిన్ను చూసి," అంటూ బుసబా మళ్లీ విసిరింది. ఈసారి ఒకటి బోర్లా పడింది, ఒకటి వెల్లకిలా.

సాయంత్రం గుడి ముందు తెర కట్టి, మొదటి వరస కుర్చీలు తాత కోసం ఖాళీగా వదిలారు. రానన్న విచియన్ వేరుశనగల పొట్లంతో వచ్చి రెండో వరసలో కూర్చున్నాడు. నౌక దొరికినప్పుడు అందరికంటే ముందు ఈల వేసింది అతనే. ఆఖరున అది మళ్లీ మాయమైంది. తెర తెల్లబడింది.

విచియన్ ఖాళీ పొట్లం మడుస్తూ భార్య వైపు వంగాడు.

"ఏమే, మనం మొక్కుకోవాల్సింది ఇంకేమైనా మిగిలిందా?"