ఈస్టన్ వార్డు, నాలుగో వార్డు

ఆ రోజు మా ఇంట్లో ఉన్నది అవ్వ, చిన్నాయన వెంకటరాముడు, చిన్నమ్మ నారాయణమ్మ, నేను, ఇంగ్లండు నుంచి వచ్చిన ఐవీ అనే ఆవిడ. నాయన కంబదూరుకు పోయాడు.

అది 2003 ఫిబ్రవరి. మా ఊళ్లో చెక్‌డ్యాములు కట్టించిన సంస్థవాళ్ల జీపుల్లో, వాటిని చూడడానికి ఆ దేశంవాళ్లు పదిమంది వచ్చారు. భోజనానికి ఇంటికొకరిని పంపారు. తెలుగులో చెప్పే సారు ఒక్కడే. ఆయన సర్పంచి ఇంట్లో ఉండిపోయాడు.

"పదో తరగతి చదువుతాండావు గదా, నువ్వే చెప్పు" అని చిన్నాయన నన్ను ముందుకు తోశాడు. ఇంగ్లీషు చదవడం నాకు వచ్చు. ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు.

అవ్వ ఐవీని తేరిపార చూసింది. "దొరసాని అంటే తెల్లగుంటాదనుకుంటి. ఈమె మన మాదిరే ఉండాదే!"

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పలేదు. కానీ ఆవిడ అవ్వ ముఖం చూసి నవ్వి, తన చేయిని అవ్వ చేతి పక్కన పెట్టి చూపించింది. తన అమ్మానాయన జమైకా అనే దీవి నుంచి ఓడలో ఇంగ్లండుకు వచ్చారట. తను పుట్టింది బ్రిస్టల్ నగరంలో, ఈస్టన్ అనే పేటలో.

నేలమీద కూర్చుని సంగటి తింటూ ఆవిడ తన ఊరు చెప్పింది. నిదానంగా, నాకు అర్థమయ్యే దాకా ఒక్కో మాట రెండుసార్లు చెప్పింది. అక్కడ ఇండ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయట. ఒకరు గోడకు మేకు కొడితే పక్కింట్లో పటం ఊగుతుందట. ఒకే వీధిలో జమైకావాళ్లు, పాకిస్తాన్‌వాళ్లు, సోమాలియావాళ్లు, ఇంగ్లీషువాళ్లు. డబ్బున్నవాళ్లు ఆ పేటలోకి రావడానికి జంకుతారట. "వాళ్లకే నష్టం" అంది ఐవీ. అన్ని రకాల మనుషులు ఒక్క వీధిలో కలిసి ఉండడం నాకు భలే నచ్చింది.

"ఆడ నువ్వేం చేస్తావని అడుగు" అంది చిన్నమ్మ.

ఐవీ చెప్పిన దాంట్లో నాకు రెండు మాటలు తెలిశాయి. వార్డు, సర్జరీ. "వార్డులో ఉంటుందంట. ప్రతి శనివారం ఆపరేషన్లు చేస్తుందంట" అన్నాను.

"డాక్టరమ్మా!" అని అవ్వ చీర పైకి జరిపి, వాచిన మోకాలు ఆవిడ ముందు పెట్టింది. "కోసేది వద్దు తల్లీ. మాత్ర ఉంటే ఇయ్యి."

ఐవీ మోకాలు చూసింది, నన్ను చూసింది. విషయం తెలిశాక కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తను డాక్టరు కాదు. ఈస్టన్ వార్డుకు జనం ఓట్లేసి గెలిపించిన మెంబరు. ప్రతి శనివారం లైబ్రరీలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటుంది. గోడలు చెమ్మ పట్టినవాళ్లు, వీధిదీపం వెలగనివాళ్లు వచ్చి చెప్పుకుంటారు. దానికే వాళ్లు సర్జరీ అంటారట.

"వార్డు మెంబరా!" చిన్నాయన మీసం సవరించుకున్నాడు. "నేనూ మెంబరేనని చెప్పు పాపా. నాలుగో వార్డు."

ఊళ్లో అందరూ ఆయన్నే మెంబరు అంటారు. కానీ ఆడవాళ్ల సీటులో నిలబడి గెలిచింది చిన్నమ్మ. గెలిచి ఏడాదిన్నరైనా ఆమె పంచాయతీ ఆఫీసు గడప తొక్కలేదు. మీటింగులకు ఆయన పోతాడు, ఆమె ఇంట్లో సంతకం పెడుతుంది. ఆ మధ్యాహ్నం కూడా మీటింగు ఉంది. మా వార్డుకు ఒక్క వీధికొళాయి వచ్చింది. వార్డులోనే గౌస్‌బీ వాళ్ల సందులో ఇరవై ఇండ్లవాళ్లు తోట బోరు దాకా మైలు నడిచి నీళ్లు మోస్తారు. చిన్నాయన మాత్రం కొళాయిని పెద్దరైతు హనుమంతరాయుడి కల్లం దగ్గర పెట్టిస్తానని మాట ఇచ్చేశాడు.

చిన్నమ్మను చూపించి, "మెంబర్ షీ. మీటింగ్ హీ గోస్" అన్నాను.

ఐవీ చేయి కడుక్కుని లేచి, చిన్నమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"ఏం చెప్తివే?" అన్నాడు చిన్నాయన.

"ఉండేదే చెప్తి చిన్నాయనా."

చిన్నమ్మ చేతులు వదిలించుకోలేదు. "మొదటిసారి కుర్చీలో కూర్చునేటప్పుడు భయం కాలేదా అని అడుగు" అంది మెల్లగా.

ఐవీ జవాబును తప్పు లేకుండా చెప్పాలని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను. భయం వేసిందట. బల్ల అంచు పట్టుకుందట. రాసుకుని పోయిన కాగితం కనబడక, తన వీధిలో ఎవరికి ఏం కావాలో గుర్తున్నంత వరకు చెప్పి కూర్చుందట. ఆ రోజు అంతే చేసిందట.

చిన్నమ్మ లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. "ఈ పొద్దు మీటింగుకు నేను పోతా."

"నువ్వా? ఆడ ఏం మాట్లాడ్తావు? వాళ్ల ఇంగ్లండు వార్డు వేరే, మన వార్డు వేరే."

"యాడైనా నీళ్లు నీళ్లే గదా."

"హనుమంతరాయునికి మాట ఇచ్చినా నేను!"

"నువ్వు ఇచ్చినావు. ఓట్లేసినోళ్లకు నేను ఇచ్చినా."

అవ్వ మోకాలు నిమురుకుంటూ, "పోనీలేరా రాముడూ. సంతకం చేసే చెయ్యి ఆమెదే గదా" అంది. చిన్నాయన తువ్వాలు విదిలించి మంచం మీద పడుకున్నాడు.

ఐవీ జీపెక్కేటప్పుడు చిన్నమ్మ వైపు చూసి పిడికిలి బిగించి పైకెత్తింది. నేను చిన్నమ్మ వెంట ఆఫీసుకు పోయాను. దారిలో ఆమె గౌస్‌బీ సందులోని ఇండ్లవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పుకుంది. రెండుచోట్ల మరిచిపోతే నేను అందించాను.

లోపల సర్పంచి, మెంబర్లు కూర్చుని ఉన్నారు. ఓబుళేసు అనే మెంబరు మమ్మల్ని చూసి, "ఏమమ్మా, రాముడన్న రాలేదా? ఒంట్లో బాగలేదా?" అన్నాడు.

"బాగుండాడన్నా. మెంబరు నేను గదా."

ఎవరో నవ్వారు. చిన్నమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని బల్ల అంచు పట్టుకుంది. ఆమె ఏం మాట్లాడుతుందో ఒక్క మాటైనా వినాలని నేను గడపలో నిలబడ్డాను.

ఆమె నన్ను చూసి లేచి వచ్చింది. "ఇది మెంబర్ల మీటింగు పాపా. నువ్వు ఇంటికి పో" అని తలుపు వేసేసింది.