ఇద్దరు మనుషుల మిషను

పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజారులో పంపులూ మోటార్లూ అమ్మే కన్నారావు దుకాణంలో ఆ రోజు రెండు మిషన్లు పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. రెండూ నీళ్లను జోరుగా చిమ్మి గోడల పాచి వదలగొట్టేవే. ఒకటి కరెంటుది, పసుపు రంగుది, చక్రాలున్న పెట్టెలా ముద్దుగా ఉంది. రెండోది పెట్రోలుది. ఇనప చట్రం మీద ఇంజను, దాన్ని అంటుకుని పంపు, వెనక నీళ్ల ట్యాంకు, చుట్టలు చుట్టిన పొడుగు పైపు, దాని కొసన నీళ్లు చిమ్మే గన్. దానికి ముద్దూ మురిపెం ఏమీ లేవు.

యిర్మియా వాటి ముందు నిలబడి చూస్తూనే ఉన్నాడు. పెళ్లిచూపులకు వెళ్లినవాడు కూడా అంతసేపు చూడడు. ఇన్నేళ్లూ ఆ ఊళ్లో గోడలకు రంగులు వేసి బతికిన మనిషి. ఈ దీవుల్లో వాన పట్టుకుంటే నెలల తరబడి వదలదు, వదిలేసరికి గోడలన్నీ బొగ్గు పూసినట్టు ఉంటాయి. రంగు వేసే ముందు ఆ పాచి అంతా ఇనప బ్రష్షుతో గీకాలి. గీకీ గీకీ అతని కుడి భుజం పైకి లేవడం మానేసింది. ఇక రంగుల పని మానుకుని, గోడలు కడిగే పని ఒక్కటే పెట్టుకుందామని వచ్చాడు. అంతవరకు తెలివైన ఆలోచనే.

"భయ్యా, నా మాట ఇను," అన్నాడు కన్నారావు, పసుపు మిషను చూపిస్తూ. "నీకు ఈ చోటావాలా చాలు. గన్ నొక్కితే నడుస్తాది, వదిలితే దానంతటదే ఆగిపోద్ది. అకేలా ఆద్మీ, ఒక్కడే చేసుకోవచ్చు."

"మరి ఇదో?"

"ఇది జోరు మనిషే గాని దీంతో గొడవ. నువ్వు గన్ వదిలినా ఇంజను ఆగదు. రేసు తగ్గించాల. తగ్గించకపోతే పంపులో నీళ్లు మరిగి లోపలి రబ్బరు సీళ్లు కాలిపోతాయి. అంటే నువ్వు నిచ్చెన మీదుంటే కిందొకడు ఉండాల. బస్, ఇది ఇద్దరు మనుషుల మిషను."

"కరెంటు పోతేనో?" అన్నాడు యిర్మియా.

ఆ ఊళ్లో కరెంటు పోని రోజు లేదని కన్నారావుకూ తెలుసు. కరెంటు పోతుందన్న సాకు చెప్పి యిర్మియా పెట్రోలు మిషను కొన్నాడు. అసలు సంగతి వేరే ఉంది. ఆ మిషనులో గొడవ అని కన్నారావు దేన్నయితే చూపించాడో, దాన్ని చూసే అతను కొన్నాడు. కింద ఒకడు ఉండాలి. అదీ అతనికి కావలసింది.

ఆ ఒకడు అతని తమ్ముడు దేవప్రసాద్. దీవుల మధ్య తిరిగే ఒక పడవలో ఇంజను గది పనివాడు. ఇంజను అంటే అతనికి ప్రాణం. చెవి ఆనించి విని ఫలానా చోట జబ్బు అని చెప్పేవాడు. చెవి అంత బాగుండి ఏం లాభం, గొంతులో మందు పోయకుండా ఉండలేకపోయాడు. ఒక రోజు నడుస్తున్న ఇంజను పక్కనే తాగి పడుకున్నాడు. పడవవాళ్లు దింపేశారు. అప్పటినుంచి ప్రోతరాపూర్‌లో అన్న ఇంటి పక్క గదిలో పడి ఉంటున్నాడు. పని లేని రోజు తాగుతాడు, పని దొరకడం లేదు గనక రోజూ తాగుతున్నాడు. వాణ్ణి ఇలా వదిలేస్తే ఒక రోజు ఏ కాలవలోనో తేలతాడని యిర్మియా భయం. ఆ భయం అతనికి భుజం నొప్పి కన్నా పెద్దది.

మిషను ఇంటికి రాగానే యిర్మియా భార్య దయావతి చుట్టూ తిరిగి చూసింది. ఆమె దగ్గర సాకులు సాగవు.

"మిషను కొన్నారా, మరిదికి కాపలా కొన్నారా?"

"రెండూ అనుకో," అన్నాడు యిర్మియా.

"కాపలా బరువు ఎక్కువైపోద్దేమో చూసుకోండి." అంతే అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదేమో.

మొదట్లో అంతా అనుకున్నట్టే నడిచింది. దేవప్రసాద్ ఇంజను చుట్టూ చంటిపిల్ల చుట్టూ తిరిగినట్టు తిరిగాడు. బోల్టులన్నీ విప్పి మళ్లీ బిగించాడు. చట్రం కింద రబ్బరు ముక్కలు పెట్టి అదురు తగ్గించాడు. మొదటి పని మిడిల్ పాయింట్‌లో ఒక రెండంతస్తుల మేడ. యిర్మియా నిచ్చెన మీద, తమ్ముడు కింద ఇంజను దగ్గర. ఆ మోతలో ఎంత అరిచినా మాట తేలడం లేదు.

"అన్నియ్య, మా పడవలో లాగ చేద్దాం," అన్నాడు దేవప్రసాద్. "పైనుంచి నువ్వు ఒక్క మాట చెప్పు. నాను అదే మాట తిరిగి చెప్తాను. చెప్పినానంటే ఇన్నానని లెక్క. చెప్పకపోతే ఇంకోసారి కేకెయ్."

పైనుంచి యిర్మియా "స్లో" అనేవాడు. కిందినుంచి "స్లో" అని వచ్చేది, ఇంజను తగ్గేది. "ఫుల్" అంటే "ఫుల్". "స్టాప్" అంటే "స్టాప్". తమ్ముడి గొంతు ఏళ్ల తర్వాత గట్టిగా, శుభ్రంగా వినిపించింది. కొన్నిసార్లు యిర్మియా అవసరం లేకపోయినా "స్లో" అనేవాడు. తిరిగి వచ్చే ఆ మాట కోసమే అనేవాడు. గోడ మీద నల్లటి పాచి కరిగి కిందికి కారుతుంటే, అడుగునుంచి తెల్లటి గోడ బయటపడుతుంటే, మనుషుల్ని కూడా ఇలా కడగొచ్చని అతను నిజంగా నమ్మాడు. నమ్మినవాణ్ణి ఏమంటాం.

ఆ రోజుల్లో దేవప్రసాద్ సాయంత్రం తిన్నగా ఇంటికి వచ్చేవాడు. వదిన పెట్టిన చేపల పులుసు తిని, ఇంకొంచెం అన్నం అడిగేవాడు. ఆదివారం తలకు నూనె రాసుకుని తెలుగు చర్చికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. పాస్టరు అయ్యగారు చూసి చిరునవ్వు నవ్వారు. దయావతి మరిది కంచంలో ఒక చేప ముక్క ఎక్కువ వేసింది.

తర్వాత ఒక మధ్యాహ్నం యిర్మియా పైనుంచి "స్లో" అంటే కిందినుంచి మాట రాలేదు. మళ్లీ అన్నాడు. మళ్లీ రాలేదు. లేవని భుజంతో నిచ్చెన దిగి వచ్చేసరికి పంపు పొగలు కక్కుతోంది. దేవప్రసాద్ ఇంజను దగ్గర లేడు. రోడ్డు మలుపులో మందు దుకాణం వెనక తాగి పడి దొరికాడు. సీళ్లు కాలిపోయాయి.

ఆ సీళ్లు దీవిలో దొరకవు. చెన్నై నుంచి ఓడలో రావాలి. సముద్రం బాగాలేదని ఓడ ఆలస్యమైంది, వచ్చిన ఓడలో వస్తువు రాలేదు, ఇంకో ఓడకు చూడాలన్నారు. మిషను పాకలో పడి ఉంది. మిషను పడి ఉంటే దేవప్రసాద్‌కి పని లేదు. పని లేకపోతే ఏం చేస్తాడో చెప్పనక్కర్లేదు. ఒక్కసారి తప్పు చేసినందుకు, ఆ తప్పును అలవాటు చేసుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది. యిర్మియా అప్పుడప్పుడు పసుపు మిషను గురించి అనుకునేవాడు. అది అయితే గన్ వదలగానే దానంతటదే ఆగిపోయేది. అనుకుని, వెంటనే సిగ్గుపడేవాడు.

డిసెంబరులో సీళ్లు వచ్చాయి. అదే వారం అయ్యగారు కబురు పెట్టారు. క్రిస్మస్‌కి చర్చికి రంగులు వేయించాలి, సోమవారం రంగులవాళ్లు వస్తారు, శనివారం నాటికి గోడలు కడిగి ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం అన్నదమ్ములిద్దరూ పాకలో కూర్చుని పంపు బిగించారు. అన్ని రోజులు తాగినా దేవప్రసాద్ పని తప్పలేదు. ఇంజను స్టార్ట్ చేసి విన్నాడు, ఆపాడు, ఇంజనులో ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి వేలితో తుడిచి అన్నకు చూపించాడు.

"ఆయిలు నల్లగైపోనాది అన్నియ్య. ఇది మార్చకుండా రేపు నడపొద్దు. మార్చీసి మొదలెడదాం."

యిర్మియా ఊఁ అన్నాడు. చర్చి గోడ ఎత్తుకు తన నిచ్చెన సరిపోతుందా, ఎవరిదైనా అడగాలా అని లెక్కలో ఉన్నాడు. ఊఁ అన్నాడు గాని వినలేదు. పడవ పద్ధతి ప్రకారం అయితే ఆ మాట అతను తిరిగి చెప్పి ఉండాలి.

శనివారం తెల్లారి పక్క గది తలుపు తీసి ఉంది. మంచం ఖాళీగా ఉంది. యిర్మియా గడపలో నిలబడి ఆ మంచం వైపు చూశాడు. మళ్లీ తాగడానికే పోయాడనుకున్నాడు, కోపం కూడా రాలేదు. ఇంతేనా అనిపించింది, ఇంతే అనిపించింది. ఆటోలో మిషను వేయించుకుని ఒక్కడే చర్చికి వెళ్లాడు.

అక్కడ గేటు వైపు చూస్తూ కాసేపు కూర్చున్నాడు. ఎండ గోడ మీదికి ఎక్కింది. ఇంజను కోసం ఎక్కుతూ దిగుతూ ఒక్కడే చేయలేడు, భుజం ఒప్పుకోదు. అప్పుడు వాకిట్లో పడి ఉన్న కొబ్బరి తాడు కనిపించింది. క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి ఎవరో తెచ్చి పెట్టింది. దాని ఒక కొస ఇంజను రేసు పెంచి తగ్గించే పుల్లకు కట్టాడు. పుల్ల తిరిగి వెనక్కి రావడానికి అవతల వైపు పాత సైకిలు ట్యూబు ముక్క బిగించాడు. తాడు రెండో కొస తన నడుముకు చుట్టి ముడి వేసుకుని నిచ్చెన ఎక్కాడు. గన్ వదిలినప్పుడు తాడు లాగితే ఇంజను తగ్గింది. సడలిస్తే ట్యూబు ముక్క పుల్లను లాక్కుని ఇంజను పెరిగింది.

ఎంత చక్కగా పనిచేసిందో చెప్పాలంటే నోరు రాదు. తాడు తాగదు, మలుపు తిరిగిపోదు, పిలిస్తే పలకకుండా ఉండదు. తూర్పు గోడ సగం తెల్లబడేసరికి యిర్మియా తమ్ముణ్ణి మరిచిపోయాడు. అతను తర్వాత తనను తాను క్షమించుకోలేకపోయింది తాడు కట్టినందుకు కాదు, ఇలా మరిచిపోయినందుకు.

ఒకసారి గన్ వదిలి, తాడు లాగి, ముఖం తుడుచుకుంటూ కిందికి చూశాడు. ఇంజను పక్కన దేవప్రసాద్ నిలబడి ఉన్నాడు. స్నానం చేసి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. కళ్లు తేటగా ఉన్నాయి. చేతిలో కొత్త ఆయిల్ డబ్బా. అబర్డీన్ బజారుకు మొదటి బస్సులో వెళ్లి, దుకాణం తెరిచేదాకా అరుగు మీద కూర్చుని, కొనుక్కుని వచ్చాడు.

"ఆయిలు మార్చకుండానే నడిపీసినావా?" అన్నాడు.

"నడుస్తంది కదా," అన్నాడు యిర్మియా.

ఆలోచించి అన్న మాట కాదు. పనిలో ఉన్నవాడు అనే మాట. అప్పటికి దేవప్రసాద్ తాడు చూశాడు. పుల్ల దగ్గర కట్టిన ముడి చూశాడు, ట్యూబు ముక్క చూశాడు, తాడు వెంట కళ్లు ఎత్తుతూ నిచ్చెన మీద అన్న నడుము దాకా వచ్చాడు. తాడును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగాడు. ఇంజను తగ్గింది. వదిలాడు. పెరిగింది.

"బాగా నడుస్తంది," అన్నాడు.

ఆయిల్ డబ్బా కింద పడిపోకుండా చట్రం పక్కన సరిగ్గా ఆనించి పెట్టాడు. పెట్టి గేటు వైపు నడిచాడు.

"ఒరే, ఆగు, దిగుతున్నాను," అని యిర్మియా ముడి మీద చెయ్యి వేశాడు. పొద్దుటినుంచి తడిసి తడిసి కొబ్బరి తాడు ఉబ్బి రాయిలా బిగిసింది. గోళ్లు దిగలేదు. ముడి విప్పకుండానే దిగబోయాడు, నిచ్చెన మెట్టుకు తాడు చుట్టుకుని సగంలో ఆపేసింది. దాన్ని విడిపించుకుని నేల మీద కాలు పెట్టేసరికి రోడ్డు మీద బస్సు కదిలిపోయింది. అందులో తమ్ముడు ఎక్కాడో లేదో కూడా కనపడలేదు.

అతను మళ్లీ నిచ్చెన ఎక్కాడు. సోమవారం రంగులవాళ్లు వస్తారు. మిగతా గోడలు కడిగాడు. అయ్యగారు వచ్చి తల పైకెత్తి చూసి, "ఒక్కడివే చేశావా యిర్మియా, స్తోత్రం," అన్నారు. అతను తల ఊపాడు.

సాయంత్రం మిషనూ ఆయిల్ డబ్బా వేసుకుని ఇంటికి వచ్చేసరికి దేవప్రసాద్‌ని ఎవరో జెట్టీ దగ్గరనుంచి మోసుకొచ్చి గదిలో పడుకోబెట్టి వెళ్లారు. గీసిన గడ్డం మీద మట్టి అంటి ఉంది. యిర్మియా మంచం పక్కన కూర్చున్నాడు.

"నువ్వు తాగడానికి ఎల్లిపోనావనుకున్నాను రా. తప్పు నాదే. సోమవారం మిడిల్ పాయింట్‌లో పనుంది. ఇద్దరం ఎల్దాం."

దేవప్రసాద్ కళ్లు తెరవలేదు. గొంతులో కోపం కూడా లేదు.

"తాడుంది కదా అన్నియ్య," అన్నాడు.

యిర్మియా ఇంకేదో చెప్పబోయాడు. తాడు నిజంగానే ఉంది. ఇంకా అతని నడుముకే ఉంది.

వంటింట్లో దయావతి చేపల కత్తి తెచ్చి, చొక్కా తెగకుండా వేలు అడ్డం పెట్టి, ముడి కోసింది. నడుము చుట్టూ ఎర్రటి వాత తేలి ఉంది. ఆమె దాని మీద కొబ్బరి నూనె రాసింది. కోసిన తాడు ఎత్తి చూపించింది.

"ఇది పారీనా?"

యిర్మియా చొక్కా కిందికి లాక్కున్నాడు. పక్క గదిలోంచి తమ్ముడి గురక వినిపిస్తోంది.

"ఉంచు," అన్నాడు. "సోమవారం పనుంది."

దయావతి తాడు చుట్ట చుట్టి, ఇంకా మూత తీయని ఆయిల్ డబ్బా పక్కన పెట్టింది.